బండి వెళ్ళేదాకా ఆగిన పద్యం

లెంక సన్యాసిరావు మరణవార్త నాకు బిలాస్పూరు పక్కనున్న గతౌరా స్టేషన్లో తెలిసింది. పార్సిళ్ళ పని మీద ఆ ఉదయం అక్కడికి వెళ్ళి, తిరుగుబండి కోసం ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉన్నాను. బిలాస్పూరు వైపు నుంచి వచ్చిన గూడ్సు ఆగగానే బ్రేకువ్యానులోంచి గార్డు తల బయటపెట్టాడు. మన తెలుగువాడే. "బావూ, మీ రాణీగారు ఎల్లిపోనాడు. తెల్లారకముందే. ఇవాళే తీసుకెల్లిపోతారంట. బేగి ఎల్లండి" అన్నాడు. ఏ రాణీగారని నేను అడగలేదు. బిలాస్పూరు తెలుగువాళ్ళకి రాణీగారు ఒక్కరే. నేను చేతిలోని పార్సిళ్ళ పచ్చ రసీదుల కట్టని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాను. కిందటి వారమేగా, రైల్వే ఇన్‌స్టిట్యూటు మెట్ల మీద కూచుని, దగ్గు మధ్య నవ్వుతూ, "ఏటి బావా, ఇంకా ఎన్ని పుస్తకాలు మింగుతావు? అజీర్తి సేస్తాది" అని నన్ను ఆటపట్టించాడు! ఆ మనిషి లేడంటే మనసు ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోవడం లేదు.

మన ఊరి వారికి ఆయన్ని నేను పరిచయం చెయ్యనక్కర్లేదు. కాని ఆంధ్రదేశానికి ఇంత దూరాన, మధ్య పరగణాల రైల్వే కాలనీలో, ఇటువంటి నటుడొకడు పుట్టి వెలిగి ఆరిపోయాడని అక్కడి రసజ్ఞులకి తెలియదు. తెలియకుండానే కాలం గడిచిపోతుందేమోనన్న బాధతో ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. నాకు బడిచదువు తక్కువ. ఇన్‌స్టిట్యూటు లైబ్రరీలో ఉన్న ఒక్క తెలుగు బీరువానీ పై అర నుంచి కింది అర దాకా చదివినవాణ్ణి, అంతే. ఆ చదువు చూసే మన నాటక సమాజం వారు నన్ను ప్రాంప్టరుగా పెట్టుకున్నారు. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, పాత్రధారి మాట మరిచిపోతే అందివ్వడం నా పని. సన్యాసిరావు అభినయాన్ని నేను చూసినంత దగ్గరగా మరెవరూ చూడలేదు.

ఆయన తండ్రి అప్పన్నగారు ఈ రైలుమార్గం పడిన కొత్తలో చీకాకోలు ప్రాంతం నుంచి ఖలాసీగా వచ్చి, బొగ్గు వేసి, షంటింగు చేసి, చివరికి గూడ్సు డ్రైవరయ్యారు. సన్యాసిరావు ఇక్కడి క్వార్టర్లోనే పుట్టాడు. వీధిలో ఆడినది ఛత్తీస్‌గఢీ పిల్లలతో, చదివినది హిందీ బడిలో. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. అందువల్ల పద్యాలన్నీ చెవితోనే పట్టాడు. నేను రెండుసార్లు చదివితే చాలు, మూడోసారి ఆయనే చదివేవాడు. పగలు క్యారేజీ షాపులో పెయింటరు. రైలుపెట్టెలకి ఎర్రరంగు వేసి, సాయంత్రం కిరసనాయిలుతో చేతులు కడుక్కుని వేషానికి కూచునేవాడు. "బళ్ళకి రంగేసినోణ్ణి, మొగానికి రంగేసుకోడం ఒక లెక్కా బావా!" అనేవాడు. కాని ఆ ముఖానికి రంగు వేసుకోవడానికి తీసుకునే సమయంలో ఒక పెట్టె మొత్తం పూర్తయ్యేది.

ఆయన కట్టేవి స్త్రీ వేషాలు. మన సమాజంవారే అల్లుకున్న నాటకంలో రాజ్యం పోయి అడవుల పాలైన రాణి వేషం ఆయనకి రాణీగారన్న పేరు తెచ్చింది. సవరం పెట్టుకోవడం ఆయనకి గిట్టదు. సొంత జుట్టు పెంచాడు. నడుము దాటే ఆ జుట్టుని షాపులో తలపాగా కింద దాచుకునేవాడు. ఆయన భార్య పైడమ్మగారు వాకిట్లో నూనె రాస్తూ, "ఈ ఇంట్లో ఎవరికి పెద్ద జడో దారినపోయేవోళ్ళకి తెలీదు. నీల్లకి ఎల్తే నన్నే మొగోణ్ణనుకుంటారు" అని సాధించేవారు. ఆయన అంతకంటే గంభీరంగా, "అందుకే మీసం పెంచుకోమన్నాను" అనేవాడు.

ఇక్కడ మన రంగస్థలాన్ని గురించి ఒక్కమాట చెప్పకపోతే ఆయన గొప్పతనం బోధపడదు. ఇన్‌స్టిట్యూటు వెనక గోడకీ యార్డు చివరి లైనుకీ మధ్య ఒక పెరడంత జాగా కూడా లేదు. రంగస్థలం పక్క కిటికీలు అటువైపే తెరుచుకుంటాయి. గూడ్సు వచ్చిందంటే గోడలు అదురుతాయి, దీపాలు ఊగుతాయి, పక్కనున్న హార్మోనియం కూడా వినబడదు. కోస్తా నుంచి వచ్చిన సమాజాలవారు బండితో పోటీపడి అరిచేవారు. పేరున్న నటుడొకాయన పంతం పట్టి బండిని మించిపోబోయి, గొంతు బొంగురుపోయి, మిగిలిన అంకాలు సైగలతో లాగించారు. మన ఊరి పద్ధతి వేరు. బండి కూత వినగానే పద్యం ఎక్కడుంటే అక్కడ ఆపాలి. చివరనున్న బ్రేకువ్యాను దాటిపోయాక అదే శ్రుతిలో, అదే అక్షరం దగ్గర నుంచి అందుకోవాలి. ఆగడం తెలియనివాణ్ణి మనవాళ్ళు నటుడిగా లెక్కపెట్టరు.

ఆగడం అందరూ ఆగేవారు. కాని ఆగినప్పుడు వాళ్ళు మళ్ళీ మామూలు మనుషులైపోయేవారు. రాజుగారు చంక గోక్కునేవారు, మంత్రిగారు నా వైపు వంగి "ఎక్కడున్నాం బావూ?" అని కళ్ళతో అడిగేవారు. సన్యాసిరావు మాత్రం రాణిగానే ఉండేవాడు. ఆ నాటకంలో ఒక పద్యం ఉంది:

అడవి దారుల పాదమ్ము లలసి సొలసి
ఎవరి తలుపులు తట్టుదు నేమి యందు

"ఎవరి తలుపులు" అనేసరికి తరచు సాయంకాలపు గూడ్సు వచ్చిపడేది. తలుపు తట్టబోతున్నట్టు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండేది. వేలి కొస కదిలేది కాదు. కళ్ళలో మాత్రం ఏదో నిండుతూ ఉండేది. ఆ చెయ్యి దించితే ఆవిడకి ఇక నీడ లేదని మనకి తెలుస్తూ ఉండేది. హాలంతా ఊపిరి బిగబట్టేది. చంటిపిల్లలు సైతం ఏడవడం నేను వినలేదు. బండి చప్పుడులో వినబడలేదేమో మరి. వ్యాగన్లన్నీ గడిచిపోయాక, ఆ నిశ్శబ్దంలోకి "తట్టుదు నేమి యందు" అని సన్నగా పడేది గొంతు. ఆయనకి ఆ చోట నేను ఏనాడూ మాట అందివ్వవలసిన అవసరం రాలేదు.

నేను చదివిన లక్షణ గ్రంథాల్లో సాత్విక భావాలని ఎనిమిది చెప్పారు. వాటిలో మొదటిది స్తంభం. మనసులోని ఉద్వేగం వల్ల శరీరం నిశ్చేష్టమైపోవడం. అది ప్రయత్నం చేస్తే వచ్చేది కాదని, లోపల రసం నిండితేనే వస్తుందని శాస్త్రం. ఈ సంగతి కనిపెట్టిన ఆనందంలో నేను పుస్తకం తీసుకుని క్యారేజీ షాపుకే వెళ్ళిపోయాను. "బావా, నువ్వు చేసేది స్తంభం" అన్నాను. ఆయన కుంచె ఆపి, సావధానంగా అంతా విని, "అచ్ఛా! సిగ్నల్ స్తంభమనుకున్నావేటి నన్ను? సెయ్యి దించితే బండి ఎల్లిపోడానికి!" అన్నాడు. షాపంతా నవ్వింది. కాని ఆ సాయంత్రం మా క్వార్టరుకి వచ్చి, "ఆ ముక్క మళ్ళీ ఒకసారి సదువు" అని అడిగి, కళ్ళు మూసుకుని విన్నాడు.

ఇంత జరుగుతున్నా తండ్రి ఏనాడూ కొడుకు నాటకానికి రాలేదు. "నా కొడుకు బండి నడుపుతాడనుకున్నాను గానీ సీర కడతాడనుకోనేదు. ఆడేసం కట్టినన్నాళ్ళూ ఆ గుమ్మం తొక్కను" అని లోకో షెడ్డులో పదిమందిలో అన్నారు. మాట తప్పే మనిషి కారు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి మీది అన్నం తింటూ, ఇద్దరూ నాటకం మాట మాత్రం ఎత్తేవారు కారు. నాటకం ఉన్న రోజున అప్పన్నగారికి డ్యూటీ పడితే, ఆయన బండి ఇన్‌స్టిట్యూటు దాటేటప్పుడు అవసరం లేని పొడవాటి కూత ఒకటి వచ్చేది. ఊరందరికీ ఆ కూత గుర్తే. "మీ అయ్యరా, సన్నేసీ!" అని వెనక బెంచీల వాళ్ళు కేకేసేవారు. అది కసి అని మన హార్మోనియం రామ్మూర్తి మేస్త్రి అనేవారు. సన్యాసిరావూ అలాగే అనుకున్నాడు. "ఇంకా కోపం దిగనేదు బావా. నా పద్యం మీదికే తోలుతున్నాడు బండిని" అని తెర వెనక్కి వచ్చి నిట్టూర్చేవాడు. తండ్రి ఒక్కసారి వచ్చి కూచుని తన గొంతు వినాలని, విని బాగుందనో బాగులేదనో అనాలని, ఆయనకి ఉన్న కోరిక అదొక్కటే. హాలంతా చప్పట్లు కొట్టినప్పుడు కూడా ఆయన చూపు ముందు వరసలో ఖాళీగా ఉన్న ఒక కుర్చీ మీద ఉండేది.

టాకీలు వచ్చిన తొలి రోజుల్లో కలకత్తాలో తెలుగు బొమ్మ తీస్తున్న కంపెనీ మనిషి ఒకాయన బండి మారడానికి బిలాస్పూరులో దిగి, పొద్దుపోక మన నాటకం చూశారు. సన్యాసిరావుని రమ్మన్నారు. అయితే రాణిగా కాదు. సినిమాల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే వేస్తారు కనుక, వృద్ధమంత్రి వేషం, ఒక పద్యం. జుట్టు తీయించాలి. ఆ మాటకి ఆయన ఒక రోజంతా అన్నం తినలేదు. మర్నాడు పైడమ్మగారితో, "మగేసమైతే నాన్న వొస్తాడు" అన్నాడు. ఆవిడ కత్తెర తెచ్చి ఇచ్చి, "పారీకు. నాకు సవరం అల్లించు. నీ జడ నేనైనా ఏసుకుంటాను" అన్నారు. ఆ సవరం ఆవిడ పండగలకి పెట్టుకునేవారు.

కలకత్తా అనుభవం ఆయనే ఎన్నోసార్లు చెప్పి నవ్వించాడు. స్టూడియో తలుపులన్నీ మూసేశారట. చీమ చిటుక్కుమన్నా వినబడే నిశ్శబ్దం. పద్యం ఎత్తుకున్నాడు. సగానికి వచ్చి ఆగిపోయాడు. డైరెక్టరు "కట్" అన్నారు. "ఏమయ్యా, మరిచిపోయావా?" "నేదండి. ఆగినాను." "ఎందుకు?" మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. రాని బండి కోసం ఒళ్ళు తనంతట తనే నిలిచిపోతోంది. చివరికి డైరెక్టరు విసుక్కుంటే, ఊపిరి బిగబట్టి గుక్క తిప్పుకోకుండా చదివేశాడు. "బాగుందన్నారు బావా. నాకు మాత్రం బ్రేకు నేని బండిలో కొండ ఘాటీ దిగినట్టుంది" అన్నాడు. చెప్పినప్పుడల్లా నవ్వేవాళ్ళం. ఆయన నవ్వు మాత్రం చివర్లో కొంచెం తడబడేది.

ఆ బొమ్మని మన తెలుగు కుటుంబాలవారంతా పూనుకుని బిలాస్పూరు తెప్పించారు. లైను పక్క మైదానంలో డేరా వేశారు. పక్కనున్న తిఫ్రా, మంగ్లా ఊళ్ళ నుంచి కూడా, తెలుగు ఒక్క ముక్క రానివాళ్ళు, మన పెయింటరు తెర మీద కనబడతాడని బళ్ళు కట్టుకుని వచ్చారు. అప్పటికి రిటైరైన అప్పన్నగారు కొత్త పంచె కట్టుకుని బయలుదేరారు. గుమ్మంలో ఆగి కోడల్ని అడిగారు: "మగేసమే కదా?" "మగేసమే మావా. గెడ్డం కూడా ఉందంట" అన్నారావిడ. తండ్రి పక్కన సన్యాసిరావు కూచున్నాడు. వారి వెనక బెంచీ మీద నేను. సన్యాసిరావు తన రెండు మోకాళ్ళూ చేతులతో గట్టిగా పట్టుకుని ఉండడం నాకు కనబడుతూనే ఉంది.

మంత్రి తెర మీదికి వచ్చాడు. డేరా అంతా ఈలలు. అప్పన్నగారు ముందుకి వంగారు. మంత్రి నోరు తెరిచి పద్యం ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది. డేరా గుడ్డలు కొట్టుకున్నాయి. మనవాళ్ళందరూ అలవాటు కొద్దీ తెరలోని మనిషి ఆగుతాడని చూశారు. ఆయన ఆగలేదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి, చెయ్యి తిరుగుతూనే ఉంది. బండి పోయేసరికి మంత్రి నమస్కారం చేసి పక్కకి తప్పుకున్నాడు. ఆ పాత్ర అంతటితో సరి. ఒక్క అక్షరం ఎవరికీ వినబడలేదు.

అప్పన్నగారు కొడుకు వైపు తిరిగి, నిజంగా అర్థం కాక అడిగారు. "ఏరా, ఆగనేదేటి?"

"ఏటి నాన్నా?"

"బండొచ్చింది కదా. బండొస్తే నువ్వు ఆగుతావు కదా."

"అది బొమ్మ నాన్నా. ఆగదు." అని, చటుక్కున తండ్రి వైపు తిరిగి, "నేను ఆగుతానని నీకెలా తెలుసు?" అన్నాడు సన్యాసిరావు.

"నాకు తెలకపోడమేటి? అక్కడ బండి నెమ్మది సేసీవోణ్ణి. కిటికీలోంచి కనబడీవోడివి. సీర కట్టుకుని, సెయ్యెత్తి, మీ అమ్మలాగ నిలబడీవోడివి. నా బండి ఎల్లేదాకా కదిలీవోడివి కాదు. సూసినానని కూతేసీవోణ్ణి." కొడుకు వైపు వంగి మళ్ళీ అన్నారు: "ఆగడమే సూసినాన్రా ఎప్పుడూ. తరవాతేటి సెప్తావో ఏనాడూ ఇన్నేదు. ఏటది? సెప్పు."

గుమ్మం తొక్కనన్న మాట నిలబెట్టుకుంటూనే, ఇంజన్ మీద నుంచి ఆయన కొడుకు నాటకం అన్నేళ్ళూ చూస్తూ వచ్చారన్నమాట! కాని తన బండి చప్పుడే కొడుకు గొంతుని మింగేసింది.

అప్పుడే, ఆ డేరాలోనే, మట్టిలో నిలబడి సన్యాసిరావు ఆ పద్యం చదివి ఉంటే ఎంత బాగుండేది! ఆయన చదవలేదు. బొమ్మ చూసి చుట్టూ ఉన్నవాళ్ళు జాలిగా చూస్తున్నారన్న సిగ్గు కొంత. అంతకంటే, తండ్రి మొదటిసారి వినబోయేది అరకొరగా ఉండకూడదన్న కళాకారుడి పట్టుదల. "ఇలాక్కాదు నాన్నా. జుట్టు పెరగనీ. రాణి కడతాను. ముందు కుర్చీలో కూచుని ఇందువుగాని" అన్నాడు. తండ్రి సరేనన్నారు. ఆడవేషం మాట కొడుకు నోట విని సరేననడం అదే మొదలు.

జుట్టు తొందరపడితే పెరగదు. సవరం పెట్టుకోమని అందరం చెప్పాం. పైడమ్మగారు తన పెట్టెలోది తీసి ఇవ్వబోయారు కూడా. "నాన్న సూసింది సొంత జుట్టు" అని వినలేదు. ఈలోగా జీవితమంతా ఇంజన్ పక్కన గడిపిన తండ్రి చెవులు, ముందే మందగించినవి, ఒక జ్వరం తగిలి పూర్తిగా మూతపడ్డాయి. నాటకం రోజున అప్పన్నగారు ఇన్‌స్టిట్యూటు గుమ్మం తొక్కి, ముందు వరసలో ఆ కుర్చీలోనే కూచున్నారు. సన్యాసిరావు ఆ సాయంత్రం పాడినట్టు అంతకు ముందూ పాడలేదు, తరవాతా పాడలేదు. "ఎవరి తలుపులు" దగ్గర బండి రానే వచ్చింది. చెయ్యి లేచి నిలిచింది. అప్పన్నగారికి బండి వినబడలేదు. కాని నేల అదరడం పాదాలకి తెలిసింది. ముఖం వికసించి, పక్కవాడి భుజం తట్టి, "సూడు, ఆగినాడు" అన్నారు పెద్దగా, చెవిటివారు మాట్లాడినట్టు. బండి వెళ్ళాక వచ్చిన మిగతా సగం హాలంతా విన్నది. ఆయన వినలేదు. ఇంటికెళ్ళే దారిలో కొడుకు చెయ్యి పట్టుకుని, "బాగా ఆగినావురా" అన్నారు. ఆ తండ్రి నుంచి ఆయనకి దక్కిన ప్రశంస అదొక్కటే.

తండ్రి పోయిన తరవాత సన్యాసిరావు రాణి వేషం కట్టలేదు. మరో రెండు బొమ్మల్లో చిన్న చిన్న వేషాలు వేశాడు. ఒకదానిలో ద్వారపాలకుడు, మాటలే లేవు. వాటి గురించి అడిగితే, "అక్కడ మనకోసం ఎవరూ ఆగరు బావా, మననీ ఆగనివ్వరు" అనేవాడు. షాపు పని మానలేదు. సాయంకాలాలు ఇన్‌స్టిట్యూటులో మన కుర్రవాళ్ళకి పద్యాలు నేర్పేవాడు. వాళ్ళు తెలుగు చదవలేక హిందీ అక్షరాల్లో రాసుకునేవారు. ఆయన కోప్పడలేదు. ఆగడం మాత్రం నేర్పలేకపోయాడు. బండి రాగానే వాళ్ళు కిందకి చూసి నవ్వుకునేవారు. మొన్నటి ఆ మెట్ల దగ్గర సంభాషణలో కూడా, పుస్తకాల మీద హాస్యం అయిపోయాక, యార్డు వైపు చూసి, "ఆ డేరాలోనే సెప్పీవలిసింది బావా. జుట్టూ సీరా ఎందుకు? ఆయనడిగినాడు, నేను సెప్పీవలిసింది" అన్నాడు. అదే నేను విన్న ఆయన ఆఖరి మాట.

ఆ రోజు గతౌరా నుంచి దొరికిన బండి పట్టుకుని నేను వచ్చేసరికి పాడె లేచింది. క్యారేజీ షాపు వారు, హార్మోనియం మేస్త్రి, ఆయన శిష్యులు, తెలుగు రాని ఇరుగుపొరుగు, అందరూ ఉన్నారు. పైడమ్మగారు ఆ పాత సవరం తెచ్చి ఆయన పక్కన పెట్టి ఉన్నారు. అర్పా నది ఒడ్డున శ్మశానానికి వెళ్ళాలంటే లైను దాటాలి. గేటు దగ్గరికి వచ్చేసరికి గూడ్సు వస్తోందని గేటు వేశారు. పాడె భుజాల మీదే నిలిచింది. డ్రైవరు ఎవరో కొత్తవాడు. గేటు కనుక వెయ్యవలసిన కూత వేశాడు. అంతే. కాని అక్కడున్న మాలో ఎవరూ కదలలేదు, దగ్గలేదు, భుజం మార్చుకోలేదు. ఆ కుర్రవాళ్ళు కూడా ఈసారి తల వంచి నవ్వలేదు.

వ్యాగన్లన్నీ వెళ్ళాయి. బ్రేకువ్యాను వెళ్ళింది. గేటు లేచింది. అయినా ఎవరూ అడుగు వెయ్యలేదు. బండి వెళ్ళాక ఆ నిశ్శబ్దంలో ఒక గొంతు అందుకోవాలి. ఇన్నేళ్ళుగా ఈ ఊరికి అది అలవాటు. ఎప్పుడూ ఆయనకి అందివ్వవలసిన అవసరం రాని ఆ మాటని నేను మొదటిసారి, నాకే వినబడేటంత మెల్లగా, అందించాను: "తట్టుదు నేమి యందు."

ఎవరూ అందుకోలేదు. మేము లైను దాటాం.